పండరి దారి పల్లెలు

ఆషాఢ శుద్ధ ఏకాదశిని మనము తొలి ఏకాదశి యని వ్యవహరింతుము. ఆనాడు ఉపవాసముండి, పేలపిండిలో బెల్లము కలిపి దేవునికి నివేదించి, తొలకరికి తడిసిన చేలలోని పనులకు మరలుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. సరిగా ఆ దినముననే, మహారాష్ట్రమునందలి సోలాపూరు జిల్లాలో, భీమానది అర్ధచంద్రాకృతిగా వంపు తిరిగి చంద్రభాగ యను పేరు దాల్చిన పంఢరపురమున, లక్షలాది జనులు పుణ్యస్నానము చేసి విఠ్ఠలుని ఆలయ శిఖరమునకు చేతులు మోడ్చుదురు. వారిలో అనేకులు రెండు మూడు వారములు, కొందరు నెలకు మించియు, వానలో తడియుచు, ఎండలో వాడుచు, పల్లెవెంట పల్లెగా కాలినడకను వచ్చినవారు. ఈ పాదయాత్రకు వారీ యనియు, దీనిని ఏటేట వ్రతముగా సాగించువారికి వారకరులనియు పేరు.

పాండురంగడనబడు ఈ విఠ్ఠలుడు తెలుగువారికి క్రొత్త దైవము కాడు. 16వ శతాబ్దమున తెనాలి రామకృష్ణకవి ఈ క్షేత్రమహిమనే పాండురంగ మాహాత్మ్యమను ప్రబంధముగా రచించెను. 1957లో ఆ పేరిటనే వచ్చిన చలనచిత్రము వలన తల్లిదండ్రుల సేవలో నిమగ్నుడై దేవుని ఇటుకపై నిలువుమన్న పుండరీకుని కథ అక్షరమెరుగని ఇండ్లకును చేరినది. మచిలీపట్టణము చెంత చిలకలపూడిలో పాండురంగస్వామికి ఆలయమున్నది. తెలంగాణమున మరాఠీ సీమను ఆనుకొనియున్న గ్రామములలో విఠ్ఠల మందిరములు, విఠల్ అనియు పాండురంగమనియు పేరు పెట్టుకొన్న కుటుంబములు కోకొల్లలు. మగ్గము నమ్ముకొని వలసపోయి సోలాపూరు నగరమును తమ ఊరుగా చేసికొన్న పద్మశాలీలకు పండరి పొరుగూరే. ఇంతటి పరిచయమున్నను, మనలో పెక్కురకు తెలిసినది గుడియే కాని, ఆ గుడికి పోవు దారి కాదు. ఆ దారిని గూర్చి, విశేషించి ఆ దారిపైనున్న పల్లెలను గూర్చి చెప్పవలసినది చాల కలదు.

మహారాష్ట్రము నలుమూలలనుండియు సాధుసత్పురుషుల పల్లకులు పండరికి బయలుదేరును. త్ర్యంబకేశ్వరమునుండి నివృత్తినాథునిది, పైఠణమునుండి ఏకనాథునిది, శేగావ్ నుండి గజానన మహారాజుది, ముక్తాయినగరమునుండి ముక్తాబాయిది, ఇట్లు ఎన్నో. వీనిలో జనబాహుళ్యము చేతను ప్రసిద్ధి చేతను ముందు నిలుచునవి రెండు: పుణె సమీపమున ఇంద్రాయణీ తీరమునందలి ఆళందినుండి వెడలు జ్ఞానేశ్వరుని పల్లకియు, అదే నది ఒడ్డుననున్న దేహూనుండి వెడలు తుకారాముని పల్లకియు. 1290లో భగవద్గీతకు మరాఠీలో జ్ఞానేశ్వరి యను మహాభాష్యమును రచించి, 1296లో ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున ఆళందిలో సజీవసమాధి నొందిన యువకుడు జ్ఞానేశ్వరుడు. 17వ శతాబ్దమున దుకాణము నడుపుచు, కరవులో భార్యను కోల్పోయి, అభంగములను భక్తిగీతములలో తన గుండెను విప్పి చెప్పిన గృహస్థుడు తుకారాము. దేహూ పల్లకి జ్యేష్ఠ బహుళ సప్తమినాడును, ఆళంది పల్లకి మరునాడు అష్టమినాడును కదలును. పల్లకిలో ఉండునది విగ్రహము కాదు, ఆ మహనీయుల వెండి పాదుకలు. శరీరము విడిచి శతాబ్దములు గడచినను ఆ పాదములు నేటికిని పండరికి నడచుచున్నవని వారకరుల విశ్వాసము. కావుననే జ్ఞానేశ్వరుని పల్లకి వెంట నడచువారు తాము నడచుచున్నామని కాక, మావులితో, అనగా తల్లితో, వెళ్లుచున్నామని చెప్పుదురు.

పూర్వము భక్తులు పాదుకలను మెడలో వ్రేలాడదీసికొని వెళ్లెడివారట. తుకారాముని కుమారుడు నారాయణ మహారాజు 17వ శతాబ్దాంతమున పాదుకలను పల్లకిలో నుంచి ఊరేగించు పద్ధతిని నెలకొల్పెను. ఆళంది యాత్రకు నేటి రూపమిచ్చినవాడు హైబత్‌రావు బాబా. సాతారా ప్రాంతమునందలి ఆర్ఫళ గ్రామస్థుడైన ఈయన గ్వాలియరు శిందే సంస్థానమున కొలువు చేసి, విరక్తుడై ఆళంది చేరి, 19వ శతాబ్ది తొలిభాగమున పల్లకికి గుఱ్ఱములను, గుడారములను, నడకకు క్రమమును, పాటకు వేళను ఏర్పరచెను. సేనలు ఎట్లు కదలునో, ఎచట విడియునో, నీరు ఎవరు తెత్తురో ఎరిగిన మనుష్యుడు భక్తుడైనపుడు భక్తికి ఎట్టి నిర్మాణము చేకూరునో ఈ యాత్రను చూచిన తెలియును. గుఱ్ఱములను, గుడారమును పంపు బాధ్యతను నాడు స్వీకరించిన బెళగావి సీమ అంకలి గ్రామపు శితోళే సర్దారుల వంశమువారు నేటికిని దానిని నెరవేర్చుచున్నారు.

జనసముద్రమని దూరమునుండి కనబడునది దగ్గరకు పోయి చూచిన చిన్న చిన్న పాయలుగా విడివడును. ఆ పాయలకు దిండీలని పేరు. ఒక్కొక్క దిండీలో ముందు కాషాయ పతాకములు పట్టినవారు, వారి వెనుక వరుసలుగా తాళములు వాయించువారు, నడుమ మృదంగము, దానికి తోడుగా వీణ ధరించిన పెద్ద, ఆ పైన తులసికోటలను నీటి బిందెలను శిరములపై దాల్చిన స్త్రీలు. ప్రతి దిండీకి సంఖ్య యున్నది. ఏ దిండీ పల్లకి నుంచిన రథమునకు ముందు నడువవలెనో, ఏది వెనుక నడువవలెనో, పూర్వులు నిర్ణయించిన స్థానమును ఎవరును దాటరు. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే లేచి, టాంకరు నీటితో స్నానము ముగించి, గుడారములు విప్పి లారీ కెత్తుదురు. ఆ లారీ వంటపాత్రలతోను మూటలతోను ముందుగా పోయి మరుసటి మజిలీలో ఇల్లు సిద్ధము చేయును. ఉదయము పాడవలసిన పాటలు వేరు, సాయంకాలము పాడవలసిన హరిపాఠము వేరు, వారమును బట్టి మారు అభంగములు వేరు. పాట నోటికి రానివాడు తాళము వేయును. తాళము పట్టనివాడు అడుగు కలుపును. పదిహేను ఇరువది కిలోమీటర్లు నడచిన పాదములకు పాట యొక యాధారమగునని నడచినవారందరును ఏకకంఠముగా చెప్పుమాట.

ఈ యాత్రలో నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది సాయంకాలపు సమాజ ఆరతి. మజిలీ చేరగానే దిండీలన్నియు పల్లకి చుట్టును వలయముగా నిలిచి ఒక్క పెట్టున తాళములు మ్రోగించును. వేలకొలది తాళముల ఆ ఘోషలో ప్రక్కవాని మాట వినరాదు. అంతట యాత్రాక్రమమును కాపాడు చోపుదారు వెండి బెత్తమును పైకెత్తి ఎలుగెత్తి కేకవేయును. ఆ క్షణమున అంతటి సమూహమును నిశ్శబ్దమగును. ఏ దిండీకైనను ఆనాడు కష్టము కలిగియున్నచో, నీరు అందలేదనియో, తమ వరుసలోనికి పరులు చొచ్చిరనియో మనసులో బాధ యున్నచో, ఆ దిండీవారు మాత్రము తాళములను ఆపరు. మ్రోగుచున్న ఆ తాళముల చప్పుడే వారి అర్జీ. చోపుదారు అచటికి స్వయముగా పోయి, విని, సమాధానపరచిన పిమ్మటనే అవియు ఆగును. తరువాత పోయిన వస్తువులను, దొరికిన వస్తువులను గూర్చిన ప్రకటనలు, మరునాటి ప్రయాణపు వేళ, ఆపైన ఆరతి. కాగితము లేదు, కచేరి లేదు. బాధపడినవాని గోడు తీరువరకు లక్షమంది మౌనముగా నిలుచుట యను ఈ న్యాయపద్ధతికి సాటి యేదియు నాకు తోచుట లేదు.

పుణెలో రెండు రాత్రులు గడపిన మీదట ఆళంది పల్లకి సాస్వడుకు పోవు దారిలో దివే ఘాటు ఎక్కవలెను. దారి పొడవునను ఇదియే కఠినమైన రోజు. వెండి రథమును లాగు ఎడ్లజతకు తోడుగా ఘాటు మొదట మరికొన్ని జతలను పూన్తురు. ఆ యేటి రథమును లాగు ఎడ్లను సమకూర్చు గౌరవము ఆళందిలోని రైతుకుటుంబములలో ఒకదానికి దక్కును. ఆ వంతు కొరకు వారు ఏండ్ల తరబడి వేచియుందురు. క్రింద మస్తానీ చెరువు, పైన మబ్బులు, నడుమ మెలికలు తిరిగిన దారిపై తెల్లని టోపీలు, కాషాయ పతాకములు ఎడతెగని ధారగా పైకి ప్రాకుచుండును. వగర్చుచున్న వృద్ధురాలి చేతిసంచి ముక్కుమొగ మెరుగని బాలుని భుజముపైకి మారును. ఇద్దరును ఒకరినొకరు మావులీ యని పిలుచుకొందురు, పేర్లు అడుగుకొనరు.

సాస్వడు దాటినంతనే జేజురి. ఇచటి ఖండోబా మన కొమురవెల్లి మల్లన్నకు సోదరరూపము; మనవారు బండారి యను పసుపునే వారును భండారమందురు. వైష్ణవుల పల్లకి శివస్వరూపుని ఊరిలో అడుగిడగానే ఊరివారు దోసిళ్లతో పసుపు చల్లుదురు. కాషాయ పతాకములు, తెల్లని అంగీలు, ఎడ్ల కొమ్ములు అన్నియు పచ్చబారును. వాల్హే దాటి నీరా నదిలో పాదుకలకు స్నానము చేయించి, లోణంద్, ఫల్టణ్, నాతేపుతే, మాళశిరస్, వేళాపూరు మీదుగా యాత్ర సాగును. తుకారాముని పల్లకి మార్గము వేరు: లోణీ, యవత్, బారామతి, ఇందాపూరు, అక్లూజు.

మన శ్రీశైలమునకును కాలినడక యాత్ర యున్నది. శివరాత్రికి తెలుగువారును, ఉగాదికి కన్నడిగులును ఆత్మకూరు వైపునుండి నల్లమల చొచ్చి, భీముని కొలను లోయ దిగి, ఎక్కి, కైలాసద్వారము చేరుదురు. అది అరణ్యపు యాత్ర. మనుష్యుని ఏకాంతమున నిలిపి, అతని బలమెంతయో అతనికి చూపునది. పండరి దారి అట్టిది కాదు. అది ఊళ్లగుండ, చేలగట్లగుండ, సంతలగుండ పోవును. నడచువారు ఎందరో, ఇంటివద్దనుండి నడిపించువారు అంతకు మించి యుందురు.

వారకరులలో అత్యధికులు కృషీవలులు. తొలకరి పడగానే విత్తనములు చల్లి, మొలకలను దేవునికి అప్పగించి బయలుదేరుట వారి వాడుక. వాన ఆలస్యమైన యేడు వారి ముఖములలో భక్తియు దిగులును కలగలసి యుండును. దారిలో చినుకు పడినపుడు గొడుగు వెతుకువారికంటె ఆకాశమునకు దండము పెట్టువారే మెండు. ఇట్టి రైతులను ఆదరించునదియు రైతుల పల్లెలే. పల్లకి వచ్చు దినమునకు ఊరు ఊరంతయు ముంగిళ్లు అలికి ముగ్గులు పెట్టును. జొన్నరొట్టెలు ఇంటింట కాల్చి గంపలకెత్తి పంపుదురు. శనగపిండితో కాచిన పిఠలము దానికి తోడు. ఒక యింటి ఇల్లాలు గడపలో బిందెడు నీళ్లతో నిలిచి ఎవరు వచ్చినను పాదములు కడుగును. క్షురకుడు చెట్టుక్రింద చాప పరచి వెల గొనక క్షౌరము చేయును. చర్మకారుడు తెగిన చెప్పులను కుట్టియిచ్చి, పైకమిచ్చినను పుచ్చుకొనడు. యువకులు నూనెగిన్నెలతో కూర్చుండి వృద్ధుల పిక్కలు మర్దించెదరు. పండరికి పోజాలని తమకు ఆ పుణ్యము ఈ పాదముల మూలమున దక్కునని వారి భావము. దారిలోని పేదపల్లె తన జనసంఖ్యకు ఎన్నో రెట్లు అతిథులను ఒక్క రాత్రి తన యొడిలో దాచుకొని, మరునాడు పొలమునకు పోవుచున్నది. ఈ ఆతిథ్యమునకు శాసనము లేదు. తండ్రి పెట్టినాడు గనుక కొడుకు పెట్టుచున్నాడు.

వినోదమునకును ఈ దారిలో చోటున్నది. విశాలమైన మైదానములలో రింగణమను వేడుక జరుగును. జనులు వలయముగా నిలువగా నడుమ రెండు గుఱ్ఱములు పరుగిడును. ఒకదానిపై పతాకధారి, రెండవదానిపై ఎవరును ఉండరు, అది జ్ఞానేశ్వరుని గుఱ్ఱము. దాని డెక్కల క్రింది మట్టిని తీసి జనులు నొసట ధరింతురు. పిమ్మట స్త్రీలు ఇద్దరిద్దరుగా చేతులు పెనవైచి గిరగిర తిరుగుదురు. మన పిల్లల ఒప్పులకుప్పయే అది, కాని అచట దానిని ఆడునది మనుమలను ఎత్తిన అవ్వలు. కాటేవాడీలో తుకారాముని పల్లకి చుట్టును గొఱ్ఱెల మంద ప్రదక్షిణము చేయును. ఏడాదిపాటు ఇంటి పొయ్యికి, పొలము పనికి కట్టుబడిన గ్రామీణ స్త్రీకి ఈ మూడు వారములు తన కాళ్లపై తాను తిరుగాడు స్వేచ్ఛాకాలమనియు నేను తలంతును. వారీకి స్త్రీలు ఇంత అధికముగా వచ్చుటకు భక్తితోపాటు ఇదియు ఒక హేతువు కావచ్చును.

ఇంత చెప్పిన పిమ్మట చెప్పక తప్పని మాట యొకటి యున్నది. ఇచట అందరును ఒకరి పాదములకు ఒకరు మ్రొక్కుదురు, నిజమే. అయినను గడచిన శతాబ్దమున ఈ దారిని నడచిన మానవశాస్త్ర విదుషి ఇరావతీ కర్వే, పగలంతయు కలసి పాడిన ఒకే దిండీలోని బ్రాహ్మణ, మరాఠా స్త్రీలు భోజనవేళ వేరువేరుగా కూర్చుండుట చూచి మనసు నొచ్చుకొని, ఆ బాధను దాచక తన వ్యాసమున వ్రాసెను. 14వ శతాబ్దపు భక్తకవి చోఖామేళా అస్పృశ్యుడని ఆలయమున ప్రవేశము పొందలేకపోయెను. ఆయన సమాధి నేటికిని మహాద్వారము వెలుపల, మెట్లకు ఎదురుగ నున్నది. ఆ గుడి తలుపులు హరిజనులకు తెరవవలెనని మరాఠీ రచయిత సానే గురూజీ 1947 మే మాసమున పది దినములు నిరశనవ్రతము పట్టవలసి వచ్చినది. పాటలో సాధింపబడిన సమానత్వము పంక్తిలోనికి వచ్చుటకు ఆరు శతాబ్దములు దాటినవి. యాత్రను ప్రేమించువాడు ఈ చరిత్రను మరువరాదు. మరచినచో చోఖామేళాకు అపచారమగును.

వేళాపూరు దరిని, పండరి శిఖరము కనబడినంతనే తుకారాము పరుగెత్తెనని ప్రతీతి గల చోట, వారకరులును పరుగెత్తుదురు. వాఖరీ యొద్ద పల్లకులన్నియు కలియును. పండరినుండి భక్తకవి నామదేవుని పల్లకి ఎదురేగి వానిని తోడ్కొని పోవును. ఏకాదశినాటి దర్శనపు వరుస గంటలకొలది సాగును గనుక, ఇన్ని దినములు నడచివచ్చినవారిలో ఎందరో చంద్రభాగలో మునిగి, నామదేవుని సమాధియైన తొలి మెట్టుకు మ్రొక్కి, శిఖరమునకు నమస్కరించి తృప్తితో మరలుదురు. పూర్ణిమనాడు గోపాలపురమున అటుకులు పెరుగు కలిపిన కాలా ప్రసాదము పంచుకొనుటతో యాత్ర ముగియును. పల్లకులు మరల నడచియే తమ ఊళ్లు చేరునన్న సంగతి చాలమందికి తెలియదు. ఆ తిరుగుదారిలో జనసందోహము లేదు, పత్రికలవారు లేరు, కొద్దిమంది భక్తులు, పల్లకి, పాట.

2020, 2021 సంవత్సరములలో మహమ్మారి మూలమున పాదుకలు బస్సులలో పండరికి పోవలసి వచ్చెను. దారిలోని పల్లెలు తమ గంపలతో ఎదురుచూచుటకును నోచుకొనలేదు. 2021 నవంబరు 8న ఈ రెండు పల్లకి మార్గములను నాలుగు వరుసల జాతీయ రహదారులుగా విస్తరించుటకు శంకుస్థాపన జరిగినది. నడచువారికై ప్రక్కలనే ప్రత్యేకముగా బాట నిర్మింపవలెనను సంకల్పము మెచ్చదగినదే. అయినను రహదారి విస్తరించినకొలది పాత చెట్ల నీడ తరుగుచున్నది. ఊరిని తప్పించి బయటినుండి పోవు దారిలో ఇల్లాలి బిందెకు, క్షురకుని చాపకు తావు లేదు. అన్నపు పొట్లములను లారీలతో తెచ్చి పంచువారు ఉదారులే కాని, ఆ పొట్లము ప్రక్క ఊరి జొన్నరొట్టె వెలవెలపోరాదు. రహదారులు వేయువారు ప్రతి మజిలీ పల్లెలోని పెద్దలను పిలిచి, పల్లకి ఊరిలోనికి ఏ వీధిని వచ్చునో, ఏ చెట్టుక్రింద ఆగునో అడిగి, ఆ వీధిని ఆ చెట్టును అట్లే ఉంచవలెనని నా వేడుకోలు. చెట్లు పోయినచోట వెంటనే మఱ్ఱి, వేప నాటవలెను. లక్షలాది జనులు విడియు ఊళ్లకు మరుగుదొడ్లు, చెత్త ఎత్తు బండ్లు యాత్ర వెళ్లిన తరువాత కూడ కొన్నాళ్లు అందుబాటున ఉండవలెను.

మన తెలుగువారిలో ఈ దారి నడువ గోరువారికి ఒక మాట. ఒంటరిగా పోయి జనములో కలియవచ్చు ననుకొనక, ముందుగనే ఏదేని దిండీ పెద్దను కలిసి వారి చందా చెల్లించి చేరుడు. నిద్రకు గుడారము, వేళకు అన్నము, అస్వస్థతలో ఆదరువు దిండీవలననే లభించును. బయలుదేరుటకు నెల ముందునుండి ప్రతిదినము కొంత నడచి కాళ్లను అలవరచుకొనుడు. వానకు తాళు వస్త్రము, పాతబడి పాదమునకు ఒదిగిన చెప్పులు, ఒక గిన్నె, ఒక లోటా చాలును. ఏ యింటి గడపలోనైనను అన్నము పెట్టిన యెడల ఆ పాత్రను మీరే కడిగి ఇండు.